బోర్డు మీద బాణాలు, పళ్లెంలో పురుగులు: బీజకణాల లింగనిర్ణయం నేను నేర్చుకున్న తీరు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో జీవశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరినవారు చాలాచోట్ల మొదటి సంవత్సరం ఒకే ప్రయోగశాలలో స్థిరపడరు. కొన్ని వారాల చొప్పున రెండు మూడు చోట్ల పనిచేసి, ఆ పైన ఎవరి దగ్గర కొనసాగాలో తేల్చుకుంటారు. దీనికి రొటేషన్ అని పేరు. హైదరాబాదులో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ ముగించి వెళ్లిన నాకు అలా దొరికిన రెండో చోటు నులిపురుగుల ప్రయోగశాల. కొత్తది కనిపెట్టమని నన్ను అడగబోమని, గోడమీది తెల్లబోర్డుపై ఎవరూ చెరపకుండా వదిలేసిన ఒక బొమ్మలోని బాణాల్లో కొన్నింటిని నా చేతులతో మళ్లీ రుజువు చేసి చూపితే చాలునని ప్రొఫెసర్ గారు మొదట్లోనే చెప్పారు. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే పురుగులో ఒక బీజకణం శుక్రకణం కావాలో అండకణం కావాలో ఏ జన్యువులు ఏ వరుసలో తేలుస్తాయో చూపే పటం అది. అలాంటి పటాలను ఎమ్మెస్సీ పరీక్షల కోసం నేను బట్టీ పట్టినదాన్ని కాదనలేను. వాటిలోని ఒక్కో గీత వెనుక ఎలాంటి సాక్ష్యం ఉంటుందో, ఆ సాక్ష్యం ఎంతవరకు చెప్పి ఎక్కడ ఆగిపోతుందో తెలిసింది మాత్రం ఆ పళ్లేల ముందు కూర్చున్నాకనే.

ముందు పురుగు సంగతి చెప్పాలి. పెరిగిన పురుగు పొడవు సుమారు 1 మిల్లీమీటరు. మట్టిలోను, కుళ్లిన పండ్లలోను బ్యాక్టీరియాను తిని బతుకుతుంది. ఎవరికీ రోగం తేదు. సిడ్నీ బ్రెన్నర్ 1974లో ప్రచురించిన పరిశోధనతో ఇది జన్యుశాస్త్రంలోకి వచ్చింది. ఈనాటికీ ప్రయోగశాలల్లో సహజ రకంగా వాడే ఎన్2 అనే వంశం ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర పుట్టగొడుగుల ఎరువులో దొరికిన పురుగుల సంతతి. వీటిలో రెండు లింగాలు ఉంటాయి: రెండు ఎక్స్ క్రోమోజోములున్నవి ఉభయలింగులు, ఒకే ఎక్స్ ఉన్నవి మగవి. వై క్రోమోజోము అసలు లేదు. ఉభయలింగి తనను తానే ఫలదీకరించుకొని సుమారు 300 పిల్లలను కంటుంది. మగవి పుట్టేది ఎక్స్ క్రోమోజోములు విడిపోవడంలో పొరపాటు జరిగినప్పుడే కనుక, వెయ్యింటికి ఒకటో రెండో కనబడతాయి.

నన్ను పట్టేసింది ఈ ఉభయలింగి. దీని శరీరం పూర్తిగా ఆడది. గర్భాశయం, గుడ్లు బయటకు వచ్చే ద్వారం అన్నీ ఆడ పురుగువే. అయినా నాలుగో లార్వా దశలో, కొద్ది గంటల పాటు మాత్రం, దీని బీజకణాలు మగదారి పట్టి శుక్రకణాలవుతాయి. బీజకోశానికి ఉన్న రెండు భుజాల్లో ఒక్కోదానిలో ఇంచుమించు 150 శుక్రకణాలు తయారై నిల్వ ఉంటాయి. పెద్దదయ్యేసరికి దారి మారుతుంది, ఆ తరువాత చనిపోయేవరకు అండకణాలే. పుట్టే పిల్లల సంఖ్యను పరిమితం చేసేది అండకణాలు కావు, ముందు దాచుకున్న ఆ కొద్ది శుక్రకణాలే. మగ పురుగుతో జతకడితే అదే ఉభయలింగి వెయ్యికి పైగా పిల్లలను కనగలదు. అయితే శుక్రకణాలను మరికొంతసేపు ఎందుకు చేసుకోదు అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దీనికి హాడ్జ్‌కిన్, బార్న్స్ 1991లో చూపిన సమాధానం నాకు భలే నచ్చింది. ఎక్కువ శుక్రకణాలు చేసే మ్యూటెంటుకు, అంటే జన్యువు మారిన పురుగుకు, పిల్లలు ఎక్కువే పుడతారు, కానీ తొలి గుడ్డు పెట్టడం ఆలస్యమవుతుంది. ఒకే ఆహారం కోసం పోటీ పెడితే మామూలు పురుగులే ముందు తినేస్తాయి.

క్రోమోజోములు మారవు, శరీరం మారదు, అయినా ఒకే బీజకోశంలో ముందు మగకణాలు, తరువాత ఆడకణాలు. బోర్డు మీది పటం ఈ మార్పును వివరించడానికి గీసినది.

పటంలో ఎడమ చివర హర్-1 అనే జన్యువు ఉంటుంది. మగ పురుగుల్లో ఇది బయటకు స్రవించే ప్రోటీనును తయారుచేస్తుంది. అది వెళ్లి కణపొరలో ఉండే ట్రా-2ను పట్టి ఆపేస్తుంది. ట్రా-2 ఆగితే ఫెమ్-1, ఫెమ్-2, ఫెమ్-3 అనే మూడు ప్రోటీన్లకు పగ్గం తీసినట్టే. అవి ట్రా-1 ప్రోటీనును నాశనానికి అప్పగిస్తాయి. ట్రా-1 ఆడ శరీరాన్ని నిలబెట్టే ప్రోటీను కనుక, అది పోతే శరీరం మగదవుతుంది. ఉభయలింగిలో హర్-1 మౌనంగా ఉంటుంది, ట్రా-2 పనిచేస్తుంది, ఫెమ్‌లు అణగి ఉంటాయి, ట్రా-1 నిలుస్తుంది. బీజకణాల్లో ఈ వరుసకు కుడి చివర మరో రెండు జన్యువులు చేరతాయి: ఫాగ్-1, ఫాగ్-3. ఈ రెండూ పనిచేస్తేనే శుక్రకణం, లేకుంటే అండకణం. ఇక ఉభయలింగికే ప్రత్యేకమైన రెండు గీతలు పైనుంచి దిగుతాయి. ఫాగ్-2, జీఎల్‌డీ-1 కలిసి ట్రా-2ను కొంతసేపు అణచిపెడితే శుక్రకణాల కాలం మొదలవుతుంది. ఎఫ్‌బీఎఫ్ అనే ప్రోటీన్లు ఫెమ్-3ను అణచిపెడితే ఆ కాలం ముగుస్తుంది.

నాకు అప్పగించినవి మూడు: ఫెమ్-3 అణగకపోతే ఏమవుతుంది, ఫాగ్-2 లేకపోతే ఏమవుతుంది, ఫెమ్-3 పటంలో ఫాగ్-3కి ముందున్నదని ఎలా చెబుతాం.

ఇవి మొదలుపెట్టేముందు చేతిపని నేర్చుకోవాలి. గాజు పిపెట్ కొనను మంటలో కరిగించి దానిలో సన్నని ప్లాటినం తీగ దూర్చి, తీగ చివరను చదునుగా కొట్టుకుంటే అది పురుగులను ఎత్తే పనిముట్టు అవుతుంది. తీగ చివర కాస్త బ్యాక్టీరియాను అంటించుకొని, మైక్రోస్కోపు కింద చూస్తూ పురుగు వీపును తాకిస్తే అది అంటుకొని వస్తుంది; పళ్లెంలోని జెల్లీ లాంటి అగార్‌ను గీరితే పురుగులు ఆ గీతలోంచి లోపలికి దూరిపోతాయి, ఆ పళ్లెం ఇక లెక్కకు పనికిరాదు. అంతకంటే ముఖ్యమైనది దశను గుర్తించడం. నాలుగో లార్వా దశలో పురుగు పొట్ట మధ్యన, ద్వారం ఏర్పడుతున్న చోట, తెల్లని నెలవంక కనబడుతుంది. ఆ నెలవంకను చూసి ఏరితే అన్ని పురుగులూ ఇంచుమించు ఒకే వయసువి అవుతాయి. బీజకణాల నిర్ణయం గంటల్లో జరిగిపోయే వ్యవహారం కనుక, వయసు కలగాపులగమైతే ఏ ఫలితానికీ అర్థం ఉండదు.

మొదటి పని ఫెమ్-3 క్యూ20 అనే మ్యూటెంటుతో. ఇది ఉష్ణోగ్రతకు లోబడి నడుస్తుంది. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచితే పురుగులు గుడ్లు పెడతాయి, వంశం నిలుస్తుంది. గుడ్డు దశ నుంచి 25 డిగ్రీల దగ్గర పెంచితే ఒక్క గుడ్డూ ఉండదు. అందుకే వంశాన్ని ఎప్పుడూ చల్లని పెట్టెలో ఉంచి, ప్రయోగానికి కావలసినవాటినే వెచ్చని పెట్టెకు మార్చేవాళ్లం. పక్కనే ఎన్2 పురుగులను కూడా 25 డిగ్రీల దగ్గర పెంచాను, వేడి ఒక్కటే కారణం కాదని తేలడానికి. పెరిగిన పురుగులను లెవమిసోల్‌తో కదలకుండా చేసి, తల వెనుక సన్నని సూదితో కోస్తే లోపలి ఒత్తిడికి బీజకోశం తనంతట తానే బయటకు జారుతుంది. దానిని స్థిరపరచి, డీఎన్ఏకు అంటుకొని నీలంగా వెలిగే డాపీ అనే రంగు వేసి చూడాలి.

ఇక్కడ చూపుకు చిక్కే తేడా పుస్తకంలో చదివినదానికన్నా స్పష్టం. అండకణం కేంద్రకం పెద్దది. ఫలదీకరణకు సిద్ధమైన దానిలో ఆరు జతల క్రోమోజోములు ఆరు విడి ముక్కలుగా లెక్కపెట్టుకోవచ్చు. శుక్రకణం కేంద్రకం చిన్న చుక్క, లోపల ఏమీ విడిగా కనబడదు, గట్టిగా మెరుస్తుంది. ఎన్2 బీజకోశంలో అండకణాలు వరుసగా ఉండి, శుక్రాశయం దగ్గర మాత్రమే ఆ చుక్కలు గుమిగూడి ఉన్నాయి. 25 డిగ్రీల క్యూ20 పురుగులో ఒక్క అండకణమూ లేదు; అవి ఉండవలసిన చోటంతా గసగసాలు పోసినట్టు శుక్రకణాలే. అయినా అదే పురుగు శరీరానికి గర్భాశయమూ ఉంది, ద్వారమూ ఉంది. లింగమనేది శరీరానికంతటికీ ఒకేసారి జరిగే తీర్పు కాదనడానికి అంతకంటే నేరుగా కనిపించే ఆధారం నేను చూడలేదు.

ఈ మ్యూటెంటులో చెడినది ఏమిటన్నది మరింత ఆసక్తికరం. ప్రోటీను మారలేదు. ఫెమ్-3 జన్యువు నకలైన మెసెంజర్ ఆర్ఎన్ఏకు చివర, ప్రోటీనుగా అనువాదం కాని తోక ఒకటి ఉంటుంది. ఇలాంటి మ్యుటేషన్లు ఎన్నో దొరికినా, అవి ఆ తోకలో ఐదు అక్షరాల చిన్నచోటనే పోగయ్యాయని 1991లో అరింజర్, కింబుల్ చూపారు. ఆ చోటును పట్టుకొని అనువాదాన్ని ఆపే ప్రోటీను ఒకటి ఉండాలని అప్పుడు ఊహించారు. 1997లో అది దొరికింది. దానికే ఎఫ్‌బీఎఫ్ అని పేరు పెట్టారు. అంటే క్యూ20లో తాళం చెవికి ఏమీ కాలేదు, తాళం కప్పలో ఒక పన్ను మారిపోయింది. ఎఫ్‌బీఎఫ్ వచ్చినా సరిగా పట్టుకోలేదు, ఫెమ్-3 తయారవుతూనే ఉంటుంది, శుక్రకణాల కాలం ముగియదు. ట్రా-2కు కూడా ఇలాంటి నియంత్రణే ఉంది: దాని తోకలో 28 అక్షరాల వరుస రెండుసార్లు వస్తుంది, జీఎల్‌డీ-1 కూర్చునేది అక్కడే. జన్యువు పనిచేయడమంటే దాని నకలు తయారుకావడమేనని ఎమ్మెస్సీలో నాకు పడిన ముద్ర ఇక్కడ కొంత సడలింది. ఉభయలింగి బీజకణాల్లో కీలకమైన ఈ రెండు మలుపులూ నకలు తయారయ్యాక, దానిని చదవనివ్వాలా వద్దా అన్న దగ్గర జరుగుతాయి.

ఫాగ్-2 పని చెప్పుకోవడానికి చిన్నది. ఈ జన్యువు లేని వంశంలో రెండు ఎక్స్‌లున్నవి శుక్రకణాలు చేయలేవు, అచ్చంగా ఆడవి అవుతాయి. మగవాటికి ఏ లోపమూ ఉండదు. అందువల్ల ఆ వంశాన్ని ఆడ, మగ కలిపి పెంచాలి, పళ్లెంలో సగానికి సగం మగవి తిరుగుతుంటాయి. నెలవంక దశలోనే ఆడవాటిని వేరుచేసి మరో పళ్లెంలో పెట్టాను. అవి పెరిగి పెద్దవైనా గుడ్డు పెట్టలేదు. పారదర్శకమైన శరీరంలోంచి చూస్తే అండకణాలు కదలకుండా ఒకదానిపై ఒకటి దొంతరగా నిలిచిపోయి ఉన్నాయి. శుక్రకణాల నుంచి వచ్చే ఒక ప్రోటీను సంకేతం అందితేనే అండకణాలు పరిపక్వమై ముందుకు కదులుతాయి, అది లేక అలా ఆగిపోయాయన్నమాట. వాటిలో కొన్నింటి దగ్గర మగవాటిని వదిలితే మర్నాటికి పళ్లెమంతా గుడ్లు. మామూలు ఉభయలింగులతో సంకరం చేసేటప్పుడు పుట్టినవి స్వయంసంతానమా, జత వల్ల పుట్టినవా అని తలపట్టుకోవాలి. ఫాగ్-2తో ఆ బెడద లేదు. అందుకే ఈ జన్యువుతో సంబంధం లేని ప్రయోగశాలలు కూడా ఈ వంశాన్ని ఉంచుకుంటాయి.

ఎక్కువ కాలం, ఎక్కువ ఆలోచన తీసుకున్నది మూడో ప్రశ్న. రెండు జన్యువుల్లో ఏది ముందు, ఏది వెనుక అని చెప్పడానికి జన్యుశాస్త్రంలో వాడే తర్కం సరళమైనది. ఒకటి చెడితే ఒక ఫలితం, మరొకటి చెడితే దానికి వ్యతిరేక ఫలితం వచ్చినప్పుడు, రెండూ ఒకే పురుగులో చెడితే ఏ ఫలితం నిలుస్తుందో చూడాలి. నిలిచిన ఫలితం ఏ జన్యువుదో అది నిర్ణయానికి దగ్గరగా, అంటే పటంలో కుడివైపున ఉన్నట్టు. క్యూ20లో అన్నీ శుక్రకణాలు. ఫాగ్-3 లేకపోతే అన్నీ అండకణాలు. మగ శరీరంలోనైనా సరే, ఆ శరీరం మగదిగానే ఉండి లోపల అండకణాలు తయారవుతాయి. ఈ రెంటినీ కలపాలి. సంకరం చేసి జంట మ్యూటెంటును కట్టడానికి రొటేషన్ వ్యవధి చాలదు కనుక, ప్రొఫెసర్ గారు ఆర్ఎన్ఏఐ పద్ధతి వాడమన్నారు. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 2006లో నోబెల్ పొందినది ఈ పురుగులో కనుగొన్న ఈ పద్ధతికే. ఏ జన్యువును అణచాలో దాని జంటపోగు ఆర్ఎన్ఏను తయారుచేసే బ్యాక్టీరియాను పురుగులకు ఆహారంగా పెడితే చాలు, ఆ జన్యువు నకళ్లు నాశనమవుతాయి.

ఆ పళ్లేలను మూడు రకాలుగా పెట్టాను. ఒకదానిలో ఫాగ్-3ని అణచే బ్యాక్టీరియా; ఒకదానిలో ఏ జన్యువూ లేని ఖాళీ ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ వలయం) మోసే బ్యాక్టీరియా; మరొకదానిలో పాస్-1 అనే జన్యువును అణచేది. ఈ చివరిదానికి లింగనిర్ణయంతో సంబంధం లేదు. అది అణగితే గుడ్లు పొదగవు, కనుక ఆ రోజు ఆర్ఎన్ఏఐ పనిచేసిందో లేదో చెప్పే సాక్షి అది. ఎన్2 పురుగులు ఆ పళ్లెంలో పెట్టిన గుడ్లు పొదిగితే, పక్క పళ్లేల్లో ఏం కనబడినా నమ్మరాదు.

ఖాళీ ప్లాస్మిడ్ మీద పెరిగిన క్యూ20 పురుగులు 25 డిగ్రీల దగ్గర మునుపటిలాగే అన్నీ శుక్రకణాలే చేశాయి. ఫాగ్-3ని అణచిన పళ్లెంలో చాలావాటి బీజకోశాల్లో ఆరేసి ముక్కలు మెరిసే పెద్ద కేంద్రకాలు వచ్చాయి, శుక్రకణాలు లేవు. కొన్నింటిలో మాత్రం కాసిని శుక్రకణాలు, వాటి పక్కన అండకణాలు ఉండి, అవి గుడ్లు కూడా పెట్టాయి. ఇది చూసి ప్రయోగం సగం విఫలమైందని అనుకోనక్కరలేదని ప్రొఫెసర్ గారు వివరించారు. ఆర్ఎన్ఏఐ జన్యువును తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. మిగిలిన కొద్దిపాటి ఫాగ్-3తో ముందు కొన్ని శుక్రకణాలు వచ్చి, తరువాత దారి మారితే గొడ్డు పురుగు తిరిగి సంతానం కనగలదు. గొడ్డుగా ఉండవలసిన ఇలాంటి పురుగుల గుంపులో అక్కడక్కడ సంతానం కన్నవాటిని ఏరడం ద్వారానే ఈ రంగంలో కొన్ని జన్యువులు బయటపడ్డాయి కూడా. అయితే దీనిలోనే మరో హెచ్చరిక ఉంది. ఒకవేళ అన్నింటిలోనూ శుక్రకణాలే కనబడి ఉంటే, ఫాగ్-3 వెనుక లేదని చెప్పే హక్కు నాకు ఉండేది కాదు. అణచడం చాలలేదన్న అవకాశం మిగిలే ఉండేది. ఈ పద్ధతిలో అవునన్న జవాబుకు ఉన్న బరువు కాదన్న జవాబుకు లేదు.

ఫలితం వచ్చాక బోర్డు దగ్గర నిలబడి ఫెమ్-3 నుంచి ఫాగ్-3కి గీసిన గీతను చూపుతూ, ఫెమ్-3 వెళ్లి ఫాగ్-3ని తాకుతుందా అని ప్రొఫెసర్ గారు అడిగారు. నా ప్రయోగం దానిని చెప్పదు. రెండూ మారినప్పుడు ఫాగ్-3 మాటే చెల్లిందని మాత్రమే అది చెబుతుంది. మధ్యలో ట్రా-1 ఉందని, అది ఫాగ్-3 జన్యువు ముందుభాగంలో కూర్చోగలదని తెలిసింది వేరే పద్ధతుల వల్ల. పైగా ఈ మధ్యభాగం కూడా నేరుగా లేదు. శరీర కణాల్లో ట్రా-1 చివరి మాట: ట్రా-1 లేకపోతే ఫెమ్‌లు ఉన్నా లేకున్నా శరీరం మగదే. బీజకణాల్లో అలా కాదు. ట్రా-1, ఫెమ్-3 రెండూ లేని పురుగుకు మగ శరీరం వస్తుంది, కానీ దాని బీజకోశంలో తయారయ్యేవి అండకణాలు. ఫెమ్‌ల పని ట్రా-1ను తొలగించడం వరకేనైతే, ట్రా-1 ఎలాగూ లేని చోట వాటి అవసరం ఉండకూడదు కదా. అంటే బీజకణాల్లో ఫెమ్‌లకు ట్రా-1తో ప్రమేయం లేని మరో పని కూడా ఉంది. ట్రా-1 ఒక్కటే పోయినప్పుడు కూడా కొన్ని పురుగుల్లో తొలుత శుక్రకణాలు వచ్చి తరువాత అండకణాలు కనబడతాయి; కనుక శుక్రకణాలు నిలకడగా రావడానికి ట్రా-1 సాయం కూడా కొంత కావాలి. ఒక సరళరేఖలో ఇదంతా ఇమడదు. బోర్డు మీద ఫెమ్‌ల నుంచి ట్రా-1ను దాటి ఫాగ్‌ల వైపు పోయే చుక్కల గీత ఒకటి ఉండేది. అంతకుముందు దానిని గీసినవారి చెయ్యి వణికిందేమో అన్నంత తేలికగా తీసుకున్నాను.

రొటేషన్ చివరి వారాల్లో అదే ప్రయోగశాలలోని సహ విద్యార్థి పళ్లేలను చూసే అవకాశం దొరికింది. అక్కడ పెరుగుతున్నది సి. బ్రిగ్సే అనే దగ్గరి జాతి. మైక్రోస్కోపు కింద నేను రెండింటినీ వేరుపట్టలేకపోయాను. ఇది కూడా ఉభయలింగే, కానీ ఆ గుణాన్ని విడిగా సంపాదించుకుంది. ఫాగ్-2 అన్న జన్యువు దీనికి లేనే లేదు. అది ఎలిగాన్స్ వంశంలో జన్యువు రెట్టింపు కావడం వల్ల కొత్తగా పుట్టింది. బ్రిగ్సేలో ఇంచుమించు అదే అవసరాన్ని షీ-1 అనే వేరే జన్యువు తీరుస్తుంది. విశేషమేమిటంటే అదీ ఫాగ్-2 లాగే ఎఫ్-బాక్స్ అనే కుటుంబానికి చెందినదే. ఫెమ్‌ల సంగతి ఇంకా వింత. ఎలిగాన్స్‌లో ఫెమ్-3 పోతే శుక్రకణాలు ఉండవు, పురుగు ఆడదవుతుంది. బ్రిగ్సేలో ఫెమ్-2 గాని ఫెమ్-3 గాని పోతే, ఎక్స్ ఒకటైనా రెండైనా, పురుగు ఉభయలింగి అవుతుంది, అంటే ఫెమ్‌లు లేకుండానే శుక్రకణాలు చేసుకుంటుంది. జీఎల్‌డీ-1 అయితే ఏకంగా వ్యతిరేక పక్షాన ఉంది. ఎలిగాన్స్ ఉభయలింగిలో శుక్రకణాలు రావడానికి అది కావాలి. బ్రిగ్సేలో దానిని అణచితే బీజకణాలు శుక్రకణాల దారి పడతాయి.

మగ, ఆడ వేర్వేరుగా ఉండే జాతి అయిన సి. రెమనై మీద 2009లో బాల్డీ, సహచరులు చేసిన ప్రయోగాన్ని ఆ విద్యార్థే నాకు చదవమని ఇచ్చారు. దానిలో ఆడ పురుగుల్లో ట్రా-2ను తగ్గిస్తే శుక్రకణాలు వచ్చాయి, కానీ అవి చైతన్యం పొందలేదు. శుక్రకణాలు చైతన్యం పొందకుండా ఆపే ఎస్‌డబ్ల్యూఎం-1 అనే మరో జన్యువును కూడా తగ్గించాక ఆ పురుగులు స్వయంగా సంతానం కన్నాయి. అలాంటి జాతిలోని ఆడది ఉభయలింగిగా మారడానికి రెండు మార్పులు చాలునని దీని అర్థం. అలాంటి మార్పు ఈ పురుగుల కుటుంబంలో ఒకటికి మించి సార్లు, వేర్వేరు జన్యువుల ద్వారా ఎందుకు జరిగిందో నాకు అప్పుడు కొంత బోధపడింది.

రొటేషన్ ముగింపులో ఇచ్చే ప్రసంగానికి నేను రెండు పటాలు పక్కపక్కన గీశాను, ఎలిగాన్స్‌ది ఒకటి, బ్రిగ్సేది ఒకటి. జంట మ్యూటెంట్ల సాక్ష్యం మాత్రమే ఉన్న గీతలను పలుచగా, ప్రోటీను ఆర్ఎన్ఏను పట్టుకుంటుందని లేదా జన్యువు మీద కూర్చుంటుందని నేరుగా చూపిన గీతలను మందంగా వేశాను. మందపు గీతలు నేను అనుకున్నంత లేవు, బ్రిగ్సే వైపు మరీ తక్కువ. ప్రశ్నలన్నీ ఆ పలుచని గీతల మీదనే వచ్చాయి, ముఖ్యంగా ఫెమ్‌ల నుంచి ట్రా-1ను దాటిపోయే చుక్కల గీత మీద. నేను ఆ ప్రయోగశాలలోనే చేరాను. ప్రస్తుతం ట్రా-1, ఫెమ్-3 రెండూ లేని వంశాన్ని నిలిపి ఉంచి, దాని బీజకణాల్లో ఫాగ్-3 ప్రోటీను ఎంత మిగిలి ఉందో కొలిచే పనిలో ఉన్నాను.